కాలు దించని పిల్ల

నాలుగున్నరకి పొయ్యి వెలిగిస్తాను.
తియాన్‌జిన్‌లో ఆ వేళకి లేచి ఉండేది
నేనూ, వీధి ఊడ్చే మనిషీ, నది మీంచి వచ్చే గాలీ.
పెసరపిండి గరిటెడు పోసి
చెక్క పుల్లతో గుండ్రంగా లాగితే
పెనం అంచుదాకా పల్చగా పాకాలి.
మధ్యలో చెయ్యి ఆగిందా
అట్టు అక్కడే చిరుగుతుంది.

నా బండి పక్కనే గెంగ్ బావ్‌షాన్ సైకిల్ రిపేరు:
ఒక గొడుగు, పంక్చరు వెతికే బేసిను,
పాత ట్యూబులు వేలాడే కొయ్య.
ముప్ఫై ఏళ్ళు ఫ్యాక్టరీలో చక్రాలకి పుల్లలు బిగించాడు.
ఆ రోజుల్లో సైకిల్ కొనాలంటే కూపను కావాలి,
కూపను రావాలంటే ఓపిక కావాలి,
ఓపికున్నవాడికే పిల్లనిచ్చేవారంటాడు.
ఆయన పెళ్ళికొడుకయింది మాత్రం
అరువు సైకిల్ మీద.

శుక్రవారం రాత్రుళ్ళు కూడా నేను పొయ్యి ఆర్పను.
వంతెన కింద పిల్లలు చేరతారు,
గులాబీ రంగు రిమ్ములు, నిమ్మపండు రంగు చైన్లు.
బెల్లు లేదు, స్టాండు లేదు, మడ్‌గార్డు లేదు,
క్యారియరు లేదు, బ్రేకు అసలే లేదు.
ఇన్ని లేకపోవడానికి అంత డబ్బెందుకురా అన్నాను.
నవ్వి, ఇంకో గుడ్డు వేయించుకున్నారు.

సి-ఫెయ్ అంటారు దీన్ని.
సి అంటే చావు, ఫెయ్ అంటే ఎగరడం.
వెనక చక్రంలో ఊరికే తిరిగే బిళ్ళ చచ్చి బిగుసుకుందట,
అందుకని చక్రం తిరిగినంతసేపూ పెడలూ తిరగాల్సిందే,
పల్లంలోనూ కాళ్ళకి సెలవు లేదు.

వాళ్ళలో నింగ్ ష్వాంగ్ అని ఒక పిల్ల.
పగలు కట్టుడు పళ్ళు చేసే చోట పని,
రాత్రి చైను పళ్ళతో కాపురం.
ఎర్ర లైటు పడినా కాలు కింద పెట్టదు.
ముందు చక్రం ఓరగా తిప్పి
జానెడు ముందుకి, బెత్తెడు వెనక్కి
ఉయ్యాల్లో బిడ్డని చూసుకున్నట్టు
తొంభై సెకన్లూ అలా నిలబడుతుంది.
కార్లలో వాళ్ళు ఫోన్లలోంచి తలెత్తుతారు.

పోయిన నెల పోలీసులు మూడు సైకిళ్ళు పట్టుకెళ్ళారు.
మర్నాడు ష్వాంగ్ మొహం గంటు పెట్టుకుని వచ్చింది,
తాతా, ముందు చక్రానికి ఒక బ్రేకు బిగించు అని.
మాట్లాడుతుంటే గొంతు పూడుకుపోయింది,
ముక్కు కుట్టించుకోడానికి వచ్చిన చంటిదానిలా.

ముసలాయన స్పానరు పక్కన పెట్టాడు.
ముందు తొక్కి చూడాలి కదా అన్నాడు.
వద్దన్నాం. ఆయన వినే రకమా.
వంతెన ఎక్కేదాకా బాగానే ఎక్కాడు.
దిగేటప్పుడు, డెబ్భై దాటిన కాళ్ళు కదా,
యాభై ఏళ్ళ అలవాటు,
పల్లం కనబడగానే హాయిగా ఆగాయి.

పెడళ్ళు ఒప్పుకోలేదు.

ఫుట్‌పాత్ మీద చలికాలానికని పేర్చిన క్యాబేజీల గుట్ట
ఎవరిదో, వాళ్ళకి దణ్ణం పెట్టాలి.
పరిగెత్తి వెళ్ళేసరికి
ఆకుల మధ్య కూర్చుని ఉన్నాడు,
టోపీ ఒక చోట, మనిషొక చోట,
అరచెయ్యి దోక్కుపోయి నెత్తురు.
ష్వాంగ్‌కి ఏడుపొక్కటే తక్కువ.
ఆయన చక్రాన్ని పైకెత్తి వేలితో చైను మీటి
"ఇంత బిగువా? ఎవడు బిగించాడే దీన్ని?" అన్నాడు.

బ్రేకు బిగించాడు. డబ్బు తీసుకోలేదు.
పగిలిన పదకొండు క్యాబేజీలకి ష్వాంగ్ ఇచ్చింది.
మూడు రోజులు మా మూడిళ్ళలో అదే కూర.

నిన్న రాత్రి పదకొండు దాటింది,
పిల్లలు వెళ్ళిపోయారు, వీధి ఖాళీ.
పొయ్యి మీద ఆఖరి అట్టు, నా కోసమే.
దీపస్తంభం దగ్గర ఏదో అలికిడి.
మణికట్టుకి కట్టుతో గెంగ్ బావ్‌షాన్,
ష్వాంగ్ రాత్రికి వదిలిపోయిన సైకిల్ మీద,
ఒక చెయ్యి స్తంభానికి ఆనించి.
తర్వాత ఆ చెయ్యి తీశాడు.

జానెడు ముందుకి.
బెత్తెడు వెనక్కి.
పుల్ల పట్టుకున్న చెయ్యి అలాగే ఉంది,
ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతున్నాను.

ఏడు దాకా నిలబడ్డాడు.
పెనం మీద నా అట్టు చిరిగింది.