తడి తరుగు

రామభద్రపురం జంక్షన్లో నా కాటాకి
నలభై ఏళ్లుగా ఒకటే పని, గోగునార తూచడం.
మిల్లులు ఒక్కొక్కటీ తాళాలేసుకున్నాక
ఇనుపసామాను, పాత పేపర్లు,
ఒకసారి ఎవరిదో పెళ్లికి అరటిగెలలు.

మొన్న రాత్రి సాలూరు వైపు నుంచి వాన.
ఎస్సై గారి జీపు నా కొట్టు ముందే ఆగింది.
"కాటా కావాలి గుంపస్వామీ, సంతకం కూడా."

రెండు గోనెసంచులు. నీళ్లు కారుతున్నాయి.
వెనక ఒక గుంటడు, మీసం ఇంకా మొలకలోనే ఉంది,
పేరు కొర్రా లైకోన్ అని రాసుకున్నారు.
చలికి వణుకుతున్నాడో, మరెందుకో.
కొండ దింపితే మూడువేలు అన్నారట.
ఎవరన్నారో పేరు తెలియదు,
చొక్కా రంగు మాత్రం చెప్పాడు.

సంచి విప్పితే ముందు నాకు గోగే అనిపించింది.
అదే చీలికల ఆకు, అయిదు వేళ్ల చెయ్యి.
తాసిల్దారు ఆఫీసు నుంచి వచ్చినాయన నవ్వాడు:
"ఆకొక్కటే అయితే కేసు లేదండీ, పూత ఉంటేనే."
ఒకే కాడ మీద ఎక్కడ ఆకు ఆగి
ఎక్కడ నేరం మొదలవుతుందో
టార్చిలైటు వేసి చూపించాడు.

ముల్లు ఇరవై ఒకటి దాటి
మరో మూడొందల గ్రాముల దగ్గర నిలబడింది.
ఇరవై దాటితే పదేళ్లు.
దాటకపోతే?
ఎస్సై గారు కాగితం మీంచి తల ఎత్తలేదు.

నారకి నీళ్లు కొట్టి తెచ్చే రైతుల్ని ఎంతమందిని చూశాను!
పిడికెడు తీసి పిండితే చాలు, చెయ్యే చెబుతుంది
బస్తాకి ఇంత తరుగు అని.
ఆ రాత్రీ నా చెయ్యి దానంతటదే సంచిలోకి వెళ్లింది.
పిండింది.
"బాబూ, ఇందల రొండు కిలోలు వానేనండి."

"పంచనామాలో వానకి గడి లేదు" అన్నారాయన.
కోపంగా కాదు. నిజంగానే వెతికి చూసి.

సంతకం పెట్టాను.
పొట్నూరు గుంపస్వామి, కింద నార వ్యాపారం అని.
నలభై ఏళ్లలో ఎందరి చెమటలోంచి
తడి పేరు చెప్పి కిలోలు కిలోలు కోసుకున్నాను,
ఎండు కట్టకి కూడా, నిజం చెప్పాలంటే.
కొయ్యాల్సిన ఒక్క రాత్రి
నా మాట తూగలేదు.

జీపు వెళ్లాక చూస్తే కాటా పళ్లెంలో మడుగు.
ముల్లు సున్నాకి కొంచెం ఇవతలే ఆగి ఉంది.
గుడ్డ తెచ్చి తుడవబోయి
ఒగ్గేశాను.
తెల్లారేసరికి అదే ఆరిపోయింది.
లైకోన్ సంచులు కూడా స్టేషన్లో
ఈపాటికి ఆరుతుంటాయి.