ముందు గేరు

మాసేను నిన్న వెనక్కి వచ్చాడు.
తిరిగి రావడం కాదు, వెనక్కి రావడం.
ముందు గేరు పడక, రివర్సు ఒక్కటే మిగిలి
నాలుగు మైళ్ళు,
వెనక చెక్కని అలలు కొడుతుంటే
మొహం సముద్రానికి, వీపు జాలరిపేటకి పెట్టి.
డాల్ఫిన్స్ నోస్ ఎప్పుడు దగ్గరైందో చూళ్ళేదట.
"ఇల్లొచ్చినాదని ముక్కు సెప్పినాది బాబూ" అన్నాడు.
ఎండుచేపల వాసన.

పొద్దున్నే నా షెడ్డులో ఆ మోటారు
నీళ్ళ డ్రమ్ము అంచుకి వేలాడుతోంది.
హార్బరంతా ముందే తీర్పు చెప్పేసింది:
కింద గేర్‌బాక్సు పోయింది, నలభై వేలు.
ఆ అంకెని మాసేను రాత్రంతా నమిలినట్టున్నాడు.

ఆయిలు చూశాను.
నీళ్ళు దూరితే పాలలా తెల్లబడుతుంది,
ఇది ఇంకా ఇప్పతేనె రంగే.
మూత తీసి కేబులు పిన్ను లాగాను.
పిన్ను కాదది. వంజరం గేలం, వంచి దోపింది.
"ఇదెవరు పెట్టారు?"
మాసేను సముద్రం వైపు చూశాడు.

"బంగారమ్మా, ఆ ఫ్యాను తిప్పుతుండు."
తట్ట దించి వచ్చింది.
మొప్పెత్తి చేప వయసు చెప్పే వేళ్ళు
ఫ్యాను రెక్క పట్టుకున్నాయి.
పైన, కేబులు విప్పిన కడ్డీని చేత్తో తోశాను.
టక్.
"అట్టుకుంది" అంది,
మా ఇద్దరికంటే ముందు.

గేరు బతికే ఉంది.
చచ్చింది మధ్యలో తీగ.
మూడేళ్ళ ఉప్పు తొడుగులో గడ్డకట్టి
లాగితే వస్తోంది, తోస్తే వంగిపోతోంది.
పిడి దగ్గర పూర్తిగా చెప్పిన మాట
కిందికి సగమే చేరుతోంది.
సగం మాటకి పళ్ళు సగమే కరుస్తాయి,
జారతాయి, మళ్ళీ కరుస్తాయి.
అంచులు కాస్త గుండ్రపడే ఉంటాయి.

"నానెప్పుడూ మెల్లగే యేస్తాను బాబూ,
దానికి నొప్పెడద్దని."

అదే తప్పు మాసేనూ.
మెల్లగా వేస్తేనే అరుగుతుంది.
ఇంజను స్లోకి దించు,
ఒక్క దెబ్బకి వెయ్యి,
అనుమానం పెట్టుకోకు.

కొత్త కేబులు పదకొండు వందలు.
బంగారమ్మ రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చింది,
నోట్లు తడిగా, పొలుసులతో.
గేలం అడిగి తీసుకుంది,
తట్ట అల్లికలో గుచ్చుకుంది.

డ్రమ్ములో మోటారు గుర్రుమంటోంది.
మాసేను పిడి పట్టుకున్నాడు, వదిలాడు, లుంగీకి చెయ్యి తుడుచుకున్నాడు,
మళ్ళీ పట్టుకుని
కళ్ళు మూసుకుని
కొట్టాడు.