రెండంగుళాల మడత

తొంభై ఆరు నల్ల గౌన్లు
తొమ్మిది రాత్రుల్లో కుట్టినాను.
అజ్మాన్, నుఐమియా. మెట్ల కింద గదిలో మా దుకాణం,
ఎదురుగా కరక్ చాయ్ కొట్టు.
మిషన్ ఆపితే వినబడేదల్లా
ఏసీ నీళ్ళు బకెట్లో పడే చప్పుడు.

కేజీ టూ పిల్లలకి పట్టాలిస్తారంట.
పట్టా అంటే మా రాయచోటిలో భూమికిచ్చేది.
మా నాయన ఒక్క సెంటుకి కూడా చూడని కాగితం
ఆరేళ్ళ పిల్లకి ఎట్ల ఇస్తారబ్బా అనుకున్నా.

కొలతలకి బడికి పోయినా.
పిల్లలు వరసగా చేతులు చాపి నిలబడినారు
విమానాలాట ఆడుతున్నట్టు.
భుజం పదిన్నర, పొడవు ముప్పై,
నేను చెప్పడం, టీచరమ్మ రాసుకోవడం.
నలభై ఒకటో పేరు దగ్గర
నా బిడ్డ నన్ను ఎరగనట్టే వచ్చి నిలబడింది.
మెడ చుట్టూ టేపు వేస్తే మాత్రం
నవ్వాపుకోలేక గొంతు వేళ్ళ కింద కదిలింది.
"ఆఫ్రీన్, డోంట్ మూవ్" అనింది టీచరమ్మ.

ఇంట్లో మాకు పీరమ్మ. మా అమ్మ పేరు.
ఆ పేరుని పొద్దున ఆరూ ఇరవైకి
బస్సు మెట్టు దగ్గర దింపేసి పోతుంది,
సాయంత్రం తీసుకుంటుంది,
చెప్పులు తీసుకున్నట్టు.

మా నాయన నేర్పిన పని ఒకటుంది.
పిల్లల గుడ్డకి అంచు లోపల
రెండంగుళాలు ఎక్కువ మడవాల.
వచ్చే రంజాన్‌కి విప్పుకోవచ్చు,
ఆ పై రంజాన్‌కి ఇంకొంచెం.
వెలిసిన నా లాగు అడుగున
ఏడాదికొక ముదురు చార.
ఎంత పెరిగినానో వీధి వీధంతా లెక్కబెట్టుకునేది.

తొంభై ఆరింటికీ అట్లే మడిచినా. చెయ్యి వాడుక.
దుకాణం మేనేజరు తిప్పి చూసి నవ్వినాడు.
"ఏం భాయ్, గంటన్నర తొడిగే గుడ్డ ఇది,
ఆ గంటన్నరలో ఎంత పెరుగుతారు?"
నేను దారం కొరికినా.

మార్చి ఇరవై. బయట ఇసక గాలి,
హాల్లో ఎత్తిన ఫోన్లు.
మా రమీజాకి క్లినిక్‌లో సెలవు దొరకలేదు,
నా అరచేతిలో ఉండి చూస్తా ఉంది,
బొమ్మ ఆగుతూ, కదులుతూ.
పెద్దయ్యాక ఏమవుతావని ఒక్కొక్కరినీ అడుగుతున్నారు.
డాక్టరు. పైలటు. డాక్టరు. యూట్యూబరు.
నా బిడ్డ ముందున్న పిల్లోడు, యూసుఫ్, సూడాన్ వాళ్ళబ్బాయి,
సొంత అంచే కాలి కింద పడి తూలినాడు.
కుట్టు వదిలింది. నా కుట్టే.
రెండంగుళాలూ జారి నేల మీద పడింది.

మైకు పట్టుకోని ఉన్న నా బిడ్డ
దాన్ని కిందపెట్టి, మోకాళ్ళ మీద కూచోని
ఆ అంచు లోపలికి మడిచింది
బొటనవేలితో గీరి, మడత పడేలా,
నేను చేసేటట్టే.
"కదలొద్దు" అనింది.
నేలమీది మైకు ఆ మాటని ఎత్తుకోని
హాలు నాలుగు మూలలా పెట్టింది.
కదలొద్దు.
యూసుఫ్‌కి తెలుగు రాదు.
అయినా కదల్లేదు.

రమీజా ఫోన్లోంచి ఏమైంది, ఏమైంది అంటోంది.
నాకు మాట రాలేదు.
పేరు బయటే ఉండిపోయినా
మాట ఎప్పుడో బస్సెక్కి వచ్చేసింది మరి.

గౌన్లు గోనెసంచిలో దుకాణానికే వచ్చినాయి,
ఉతికి, ఇస్త్రీ చేసి బడి బీరువాకి పంపాల.
ఏది నా బిడ్డదో ఎవరికీ తెలీదు, చేత్తో తడిమితే నాకు తెలుస్తుంది:
అంచు లోపల, నల్ల గుడ్డ మీద నల్ల దారంతో
తెలుగులో కుట్టిన మూడక్షరాలు.
చదవడం దానికే ఇంకా రాదు.
వచ్చే ఏడు ఎవరి మడమకి తగులుతుందో మా అమ్మ పేరు,
పెషావర్ పిల్లకో, త్రిశూర్ పిల్లోడికో.
విప్పేద్దామని కత్తెర తీసినా.
మళ్ళీ పెట్టేసినా.

ఒకటో తరగతి ఫీజు కాగితం
బిస్కెట్ డబ్బా కింద ఉంది, రేపు చూస్తాం.
పిల్ల నిద్రపోయింది.
గడ్డం కింద టోపీ ఎలాస్టిక్ గీత
ఇంకా ఎర్రగా ఉంది,
ఇంచున్నర.