రీడింగు

ఈ వీధుల్లో మనుషుల పేర్లు నాకు తెలియవు,
ఆర్.ఆర్. నంబర్లు తెలుసు.
జయనగర్ ఏడో బ్లాకు, ముప్పై ఒకటో క్రాసు నుంచి ముప్పై ఆరు దాకా
ఇరవై రెండేళ్ళుగా నా చెప్పుల కిందివే.

గేటు తీస్తే ముందు కుక్క.
తర్వాత లోపలి నుంచి ఒక గొంతు
"కరెంట్నోరు బందిద్దారె" అని ఇంకో గదికి చెప్పడం.
మెట్ల కింద చెక్క పెట్టె, పెట్టెలో బల్లి గుడ్లు,
అద్దం మీది దుమ్మును బొటనవేలితో తుడిస్తే
అంకెలు.

హిందూపురం నుంచి వచ్చి మా నాయన
ఈ ఇళ్ళల్లో సగానికి మొజాయిక్ పాలిష్ పట్టాడు.
అప్పుడు చెట్లు మోకాలెత్తు ఉండేవట,
మేకలు తినకుండా ముళ్ళకంప చుట్టేవాళ్ళట.
ఇప్పుడు నిద్రగన్నేర్లు అటు నుంచీ ఇటు నుంచీ వచ్చి
రోడ్డు మీద చేతులు కలుపుకున్నాయి.
వేర్లు ఫుట్‌పాత్ బండల్ని మెల్లగా ఎత్తి
కింద ఏం దాచారో చూస్తున్నాయి.
ఎండలు ముదిరితే కానుగ పూలు
స్కూటరు సీట్ల మీద అటుకులు చల్లినట్టు.

నేను ఎవరినీ ఏమీ అడగను.
నలభయ్యొక్క యూనిట్ల ఇల్లు అరవై ఏడు కాల్చిందంటే
పైవాటాలో ఎవరో పిల్లవాడు దిగాడు,
రాత్రంతా మేలుకుని పగలు పడుకుంటున్నాడు.
చావు జరిగిన నెల ఏ ఇంట్లోనైనా కరెంటు పెరుగుతుంది.
అన్ని గదుల్లోనూ లైట్లు, ఆర్పాలని ఎవరికీ తోచదు.
వచ్చే ఏడు మీటర్లే తమ అంకెలు తాము ఆఫీసుకు పంపుకుంటాయట.
పంపుకోనీ.

ఇరవై తొమ్మిదో నంబరు కూలగొట్టిన రోజు
మీటరొక్కటే కాంపౌండు గోడకు వేలాడుతూ మిగిలింది.
లారీలోకి ఎత్తుతున్న మొజాయిక్ పెళ్ళల్లో
ఒక ముక్క జేబులో వేసుకున్నాను.
ఎంత నున్నగా ఉందో!
నాయన అరచెయ్యి మాత్రం చివరిదాకా గరుకే.

ముప్పై మూడో క్రాసులో తాళమేసిన ఇల్లు.
కోర్టులో ఉంది, పదకొండేళ్ళు.
ఒక నెల బిల్లు హుబ్బళ్ళి నుంచి తమ్ముడు జయతీర్థ కడతాడు,
మరుసటి నెల సేలం నుంచి అక్క రుక్మాబాయి.
ఇద్దరికీ మాటల్లేవు. వంతు మాత్రం తప్పదు.

ఎవరూ లేని ఆ ఇల్లు నెలకో యూనిట్టు కాల్చేది.
యాడ కాలుతోందా అని ఒకనాడు వెతికాను.
గుమ్మం పక్కన కాలింగ్ బెల్ స్విచ్చులో
కందిగింజంత ఎర్ర దీపం.
చీకట్లో వచ్చేవాళ్ళు తడుముకోకూడదని
ఎవరో ఎప్పుడో పెట్టించింది.

మొన్న జనవరిలో పద్నాలుగు.
తప్పేమోనని అద్దం మళ్ళీ తుడిచాను.
తలుపు బార్లా తీసి ఉంది.
ఆమె ముక్కుకు కొంగు చుట్టుకుని బూజు దులుపుతోంది.
ఆయన స్టూలెక్కి బల్బు మారుస్తున్నాడు.
స్టూలు ఊగితే ఆమె పట్టుకుంది,
మొహం అటు తిప్పుకునే.

"ఈ మీటరును రెండు చెయ్యొచ్చా?" ఆయన నన్నడిగాడు.
ఫారం, ఫోటోలు, డిపాజిట్టు, అన్నీ చెప్పాను.
"వాకిట్లో చెట్టు ఎవరి వైపు వస్తుంది?"
ఆమె కూడా నన్నే అడిగింది, ఆయనకు వినబడేలా.
అది కార్పొరేషన్‌దమ్మా, ఎవరి వాటాలోకీ రాదు.
కాసేపు ముగ్గురం తలలెత్తి దాన్నే చూశాం.
పైన ఒకే తొర్ర కోసం
రెండు చిలకలు గొంతు చించుకుంటున్నాయి.

ఫిబ్రవరి దాకా చూశాను, ఫారం రాలేదు.
మీటరొకటే. అరవై మూడు యూనిట్లు.
లోపల మిక్సీ చప్పుడు, ఇంగువ తిరగమోత.
ఈ నెల బిల్లు ఎవరి వంతో
ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.
గేటు సందులో దోపి వచ్చేశాను.