కీరాలో మిగిలిన సగం

తాళంచెవితో పాటు కజిమ్యేరా గారు ఇచ్చిన కాగితంలో
ఒక్క వాక్యం కిందే రెండు గీతలు:
"నిన్న పెట్టింది ఇవాళ పెట్టకు."

పోజ్నాన్‌లో వార్తా నది అంచులు గడ్డకట్టిన నెల.
ఆవిడ తుంటికి ఆపరేషన్.
ముప్పై ఒక్కేళ్లు ట్రామ్ నడిపిన మనిషి,
ఏ పట్టాల మీద వెళ్లిందో ఆ పట్టాల మీదే తిరిగొచ్చిన మనిషి,
చేపల తిండి దగ్గర మాత్రం ఇంత పట్టుదల.

ఐదు క్లౌన్ లోచ్‌లు.
నారింజ ఒంటికి మూడేసి నల్ల పట్టీలు,
మూతి కింద తీగ కొసల్లాంటి మీసాలు.
ట్రామ్ స్టాపుల పేర్లు పెట్టుకుంది వాటికి:
రతాయె, యెజిత్సె, గుర్చిన్, ఓగ్రోదీ.
ఎప్పుడూ ఆఖర్న వచ్చేదాని పేరు డిపో.

మొదటి రాత్రి, గిడ్డంగి కాపలాకి వెళ్లేముందు,
పై అంతస్తుకెక్కి దీపం వేశాను.
గుర్చిన్ పక్కకి ఒరిగి రాళ్ల మీద పడి ఉంది.
ఆస్పత్రికి ఫోన్ చేసి తడబడుతూ సంతాపం చెప్పాను.
ఆవిడ నవ్వింది. నవ్వి, కుట్లు లాగి, తిట్టింది:
"నిద్రపోతోందయ్యా! దీపం ఆర్పు. చీకట్లో వడ్డించు."

ఆర్పాను.
ఫ్రీజర్‌లోంచి తీసిన ఎర్రపురుగుల బిళ్ల
గిన్నెలో కరిగించి వంచాను.
కాసేపు ఏమీ లేదు.
తర్వాత టిక్.
టిక్ టిక్.
నీళ్లడుగున ఎవరో మెటికలు విరుచుకుంటున్నట్టు.

మర్నాడు బఠానీలు. ఉడికించి, బొటనవేలితో నొక్కితే
పచ్చటి గింజ చొక్కా విప్పుకుని జారిపోయేది.
ఆ పై రోజు మొక్కల తొట్టెలోని నత్తలు;
తెల్లారేసరికి గుల్లలు మాత్రమే,
ఊడ్చిపెట్టిన పళ్లేల్లా.
నేల రాయైపోయింది కాబట్టి వానపాములకి
గాలాల కొట్టుకి వెళ్లాను.
"ఏ చేపని పడతావు?" అన్నాడు కొట్టువాడు.
"పట్టను, మేపుతాను" అంటే
చిల్లర రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చాడు.
శుక్రవారం వాటికీ ఉపవాసమే.

ఒకసారి బద్ధకించి
నిన్నటి మాత్రలే మళ్లీ వేశాను.
డిపో ఒకటి నోట్లో పెట్టుకుని, ఉమ్మేసి,
గాజు దాకా వచ్చి నిలబడింది.
మొహం మొత్తడమంటే ఏమిటో
ఆ మొహం మీద చదివాను.

మరి నేను?
నాలుగేళ్లుగా అదే రై రొట్టె, అదే జున్ను ముక్క,
సింకు పక్కన నిలబడి,
గోడకి చూపు తగిలించి.
ఆకలి రుచెరగదంటారు.
ఒంటరిగా తినేవాళ్లెవరో కనిపెట్టి ఉంటారు ఆ మాట.

కీరాలో సగం చక్రాలు కోసి, వేడినీళ్లలో ముంచి,
ఫోర్కుకి గుచ్చి అడుగుకి దించాను.
మిగతా సగం చేతిలో ఉండిపోయింది.
వాటి ముందు కూర్చునే కొరికాను.
లోపల టిక్, బయట కరకర.
బఠానీలు వాటికి పదహారు చాలు.
పొట్లంలో మిగిలినవి?
ఆ ఆదివారం నా గిన్నె అడుగంటింది,
అడుగంటడానికి అందులో ఏదో ఉంది కనక.

ఐదో వారం ఆవిడ చేతికర్రలతో వచ్చింది.
కోటైనా విప్పకుండా ఒంగి పొట్టలు చూసింది.
"గుండ్రంగానే ఉన్నాయి."
తర్వాత నా వైపు తిరిగి, అదే చూపుతో,
"నువ్వేం తిన్నావు?"

"నిన్నటిది కాదు" అన్నాను.

అబద్ధం. నిన్నటి సూపే.
కాకపోతే పైన సోయికూర
అప్పుడే తుంచి వేసుకున్నాను.