అపార్థం చేసుకొను: సకర్మక క్రియ

అర్థం దానంతటదే అవుతుంది,
వాన వెలిసినట్టు, పాలు పొంగినట్టు.
అపార్థం అట్లా కాదు.
'అపార్థమయింది' అని ఎవరూ అనరు, గమనించారా?
చేసుకోవాలి,
ఎవరి పొయ్యి మీద వాళ్ళే
అన్నం చేసుకున్నట్టు.

మురకంబట్టు బళ్ళో, మధ్యాహ్నం గంటకు ముందు
ఎనిమిదో తరగతికి ఇదంతా బోర్డు మీద రాశాను.
దేన్ని చేసుకుంటామురా అపార్థం, కర్మ ఏది?
'మాటను' అన్నారు పిల్లలు.
సరే. మొదలయ్యేది మాట దగ్గరే,
ఆగేది మనిషి దగ్గర.
ఉదాహరణలు చెప్పమన్నాను.
నాది మాత్రం చెప్పలేదు.

మదనపల్లె నుంచి బదిలీ మీద వచ్చిన వారం అది.
అమ్మ పోయి ఇరవై రోజులు.
వంటపాకలో గుడ్లు ఒలుస్తున్న వళ్ళియక్క దగ్గర
ఎందుకో ఆసుపత్రి సంగతి ఎత్తాను.
ఆఖరి రాత్రి అమ్మ టీ అడిగిందని,
చక్కెర ఎక్కువేసి ఇమ్మందని...
గొంతు పట్టేసింది.
ఆమె తలెత్తకుండానే అంది:
'సొల్లు.'

సొల్లు!
మా వైపు అది పసిపిల్లల చొంగ,
పనిలేనోళ్ళ వాగుడు.
మా అమ్మ చావు సొల్లా?
పదకొండు నెలలు.
గుడ్ల లెక్క రిజిస్టరు సంతకానికొస్తే
పెన్ను అందించేదాన్ని, అంతే.

ఆఖరి బెంచీలో మొగిలీశు లేచాడు.
'మేడం, మా అవ్వది తిరుత్తణి.
సొల్లప్పా అనిందని
మా అనంతపురం మామ అలిగి అన్నం మానేసినాడు.
తమిళంలో సొల్లు అంటే చెప్పు అనే కదా!'
'చెప్పంటే కాలి చెప్పా?' అన్నాడెవడో.
క్లాసంతా నవ్వింది.
చిత్తూరులో ఈ ముక్క తెలియనిది
తెలుగు మేడం ఒక్కతికే.

గంట కొట్టారు.
పాకంతా పొగ, సాంబారులో మునక్కాయల వాసన.
'అక్కా, నిన్ను నేను...' అన్నాను.
క్రియ నోట్లోనే ఉండిపోయింది.
'తెల్సులేమ్మా' అంది గరిటె తిప్పుతూ.
'అమ్మ పోయిన దుఃఖం గదా,
అందుకే మాట్లాడలా నువ్వు. ఏడాది పడ్తాది.'

నా కోపాన్ని దుఃఖమనుకుంది.
రోజూ, పదకొండు నెలలు.
ఇట్లా మంచి వైపుకు పొరబడటానికి
మన దగ్గర క్రియ ఏముంది?
నిఘంటువులో వెతికితే దొరుకుతుందా,
మొగిలీశునే అడగాలా?

ఆమె మంట తగ్గించి
కొంగుతో చేతులు తుడుచుకుంది.
'ఆ టీ ఇచ్చినారా మీ అమ్మకు?
అక్కడే ఆపేసినావు ఆ పొద్దు.
సొల్లు.'

లేదక్కా.
ఇవ్వలేదు.