పలక

నలుగురు ఇఫాన్ పారీలు ఒకే లోయలో.
ముగ్గురు పలక గనిలో, ఒకడు గొర్రెల వెంట.
వేల్స్‌లో మా వైపు ఇంటిపేరంటే నిజంగా ఇంటి పేరే:
వాగుమిట్ట ఇఫాన్, చీకటిగడప ఇఫాన్, కొత్తకప్పు ఇఫాన్.
నాలుగోవాడి ఇల్లు కూలింది, దాంతో పేరూ కూలింది.
మా ముత్తాత ఆ నాలుగోవాడు కాకూడదని
జిల్లా దస్తావేజుల గదిలో
మూడు మంగళవారాలు కోరుకున్నాను.

ఆయనే.

పంతొమ్మిది వందల పదకొండు జనాభా లెక్క,
సొంత చేతిరాత. బండను చీల్చే చెయ్యి కదా,
కలాన్నీ ఉలిలాగే పట్టాడు,
ప్రతి కొమ్ము దగ్గరా సిరా చిట్లింది.
భార్య కాట్రిన్. పిల్లలు
విలియం, ఓవెన్, లౌరి, లౌరి, మార్గెడ్.
మొదటి లౌరి పక్కన వయసు లేదు.
పేరు మీద గుమాస్తా ఎర్రగీత.

పొరపాటున రాసుకున్నాడు పాపం, అనుకున్నాను.
ఇంటినిండా పిల్లలున్నవాడికి
ఒక పేరు రెండుసార్లు రావడం వింతా?
మా అమ్మ నన్ను పిలిచేముందు
ఇద్దరు చెల్లెళ్ళనీ కుక్కనీ పిలిచేది.

లౌరి మా అమ్మమ్మ.
ఎనభై ఆరేళ్ళు బతికింది.
రేడియోలో వాతావరణం చెబుతుంటే
కిటికీలోంచి చూసి "అబద్ధం" అనేది.
చివరి వారం మా అమ్మతో అంది:
"నాకు రాయి పెట్టించకండి. ఉందిగా ఒకటి."
మతి తప్పిందనుకున్నాం.
బూడిద సముద్రపు గాలికిచ్చాం.
గాలి తిరగబడి సగం మా కోట్లకే అంటుకుంది.

ప్రార్థనామందిరం ఇప్పుడు తివాచీల గోదాము.
వెనక స్మశానం తాళంచెవి ఇద్‌వాల్ దగ్గరుంది.
"రుద్దకు," అన్నాడు, "సుద్దముక్క పులమకు.
పొద్దు వాలనిచ్చి
దీపం పక్కనుంచి పట్టు."

ఈ ఊళ్ళో అన్నీ పలకే.
ఇంటికప్పు పలక, గడప పలక,
బడికెళ్ళే పిల్ల చంకలో పలక,
ఆఖరికి తలాపున పలక.
ఒకటి ఉమ్మితో తుడిస్తే చెరిగేది,
ఒకటి వందేళ్ళ వానకీ చెరగనిది.

నా మోకాలంత ఎత్తు కూడా లేదు ఆ రాయి.
దీపం వంచాను.
నీడ నింపుకుని ఒక్కో గాడీ లేచింది:

లౌరి
ఇఫాన్, కాట్రిన్‌ల కూతురు
పదకొండు నెలలు

మా అమ్మమ్మ సమాధి.
మా అమ్మమ్మ పుట్టడానికి ఇరవై నెలల ముందుది.

అక్షరాలొచ్చిన ఏడాదే,
ఏదో ఆదివారం ప్రార్థన ముగిశాక,
పెద్దవాళ్ళు గుమ్మంలో ధరల గురించి మాట్లాడుకుంటుంటే
ఇక్కడ చతికిలబడి
తన పేరు తానే కూడబలుక్కుని ఉంటుంది.
ఎవరైనా విడమరిచి చెప్పారా,
చెయ్యి పట్టుకుని గబగబా లాక్కుపోయారా?
పలకని పలక. నేనూ అడగలేదు దాన్ని.

కింది సగం ఖాళీ.
గనివాడు రాయి కొలతలో పొరబడడంటాడు ఇద్‌వాల్.
మరి ఆ చోటు ఎవరికని వదిలాడో
గేటు తాళం పడేదాకా
ఇద్దరం మాట్లాడుకోలేదు.

ఇంట్లో ఫోటో ఒకటుంది,
బిస్కెట్ డబ్బాలో, బొత్తాల కింద.
కాట్రిన్ ఒళ్ళో పసిపిల్ల.
గౌను చేతులు పొడుగు, వేళ్ళు కనబడవు.
ఎవరికి కొలిచి కుట్టిన గౌనో.
వెనక పెన్సిల్‌తో "లౌరి", అంతే.
సంవత్సరం రాయాలని ఎవరికీ తోచలేదు.
రాసినవాళ్ళకి అనుమానం లేదు మరి.

కెమెరా కన్ను తెరిచుండగా పిల్ల కదిలింది,
ముఖం అలుక్కుపోయింది.
కదిలిందంటే బతికిన పిల్లే,
అమ్మమ్మే అని
టీ చల్లారేదాకా సంతోషించాను.

తర్వాత తట్టింది.
పదకొండు నెలల పిల్ల కూడా కదులుతుంది.